వాలు అక్షరాల నతానియేలు

నిచ్చెన మీద నిలబడి నతానియేలు ఫ్లెక్సీ మూల బిగించి లాగి మేకు కొట్టాడు. దాని కిందున్న చెక్క బోర్డు ఆయన చేత్తో రాసిందే. ఒకప్పుడు నూజివీడు నుంచి ఆగిరిపల్లి దాకా మామిడి కొట్ల బోర్డులన్నీ ఆయనవే. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే, దీన్నీ ఆయన చేతే కప్పిస్తున్నారు.

'బసవపున్నారావు మ్యాంగోస్' అని ముందుకు వాలిన లావు అక్షరాలు. గీత దిగేచోట కుంచె నొక్కి, మలుపులో వెంట్రుకంత సన్నగా ఎత్తేవాడు. ఇంగ్లీషు అక్షరాలకైతే అడుగున చిన్న పాదాలు కూడా పెట్టేవాడు. వ్యాపారాలకీ, పెళ్లిళ్లకీ వాలు రాత. సమాధి మీది సిలువకు మాత్రం నిటారు రాతే. ఎవరైనా అక్కడా వాలు కావాలంటే, "పోయినోడు ఎక్కడికి పరిగెడతాడండీ?" అని కసిరేవాడు.

అలాంటి చేతులకి ఇప్పుడు ఫ్లెక్సీలు కట్టే పని. ఛీ, ఏం బతుకు!

పొద్దున రాగానే కొట్టు ఓనరు బసవపున్నారావును అడిగాడు.

"పాత బోర్డు నాకిచ్చేయండి. ఇంట్లో పెట్టుకుంటాను."

"మరి ఫ్లెక్సీ దేనికి కొడతావయ్యా, గాలికా?"

"చెక్క ఫ్రేము నేను చేసి తెస్తానండీ."

"సీజన్లో నీ ఫ్రేము కోసం కూర్చోమంటావా? కొట్టేయ్."

అందుకని అంచుల వెంటే కొట్టుకొచ్చాడు, అక్షరాలకు దెబ్బ తగలకుండా. అయిపోయిందనుకునేసరికి బసవపున్నారావు బయటికొచ్చి తలెత్తి చూశాడు.

"మధ్యలో కూడా మేకులు దించు. గాలొస్తే చిరుగుద్ది."

నతానియేలు ఫ్లెక్సీని తడిమాడు. మందంగా పడిన పాత రంగు వేళ్లకు తగిలింది. పక్కకు జరిపి కొడదామంటే లావు అక్షరాలాయె, సందెక్కడుంది?  అక్షరాల మీదే కొట్టాడు.

దిగి, ఖాళీ ట్రేల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తెచ్చేలోపే తల వాల్చేశాడు. మళ్లీ లేవలేదు.

ఆయన పనిచేసిన ఫ్లెక్సీ షాపు ఓనరు శ్యామ్ సుందర్ నిజంగానే ఏడ్చాడు. కంప్యూటర్లో ఉన్నవాటిలో బాగా లావుగా, బాగా వాలుగా ఉన్న అక్షరాలు ఏరి, 'మహిమలో ప్రవేశించిన నతానియేలు గారు' అని వేయించి, ఆయన పోయిన కొట్టు గేటుకే కట్టించాడు.

నతానియేలు భార్య తబితా అది చూసింది.

"నిటారుగా వేయించాల్సింది బాబూ. పోయినోళ్లకి వాలు రాయకూడదనేవారు."

"ఆయన స్టైలే కదమ్మా అని వేశాను. ప్రింటైపోయింది మరి."

 ఇంకేమన్నా వినేదెవరు?

సమాధి చేసొచ్చిన సాయంత్రం మబ్బు కమ్ముకొచ్చింది. కొట్లో రసాల గుట్ట తడిసిపోతుందని గేటుకున్న ఫ్లెక్సీ విప్పి పరిచారు. కాయల మీద నతానియేలు పేరు తలకిందులుగా, ముందుకు వాలి, వానలో తడుస్తోంది.