ఆ రైతు భార్య

గణపతిరావు తాలూకాఫీసు నుంచి వచ్చి అరుగు మీద కూర్చోగానే ఆడపిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. ఒకర్తె అతని కూతురు పద్మకుమారి. రెండోది పోయిన చెల్లెలి కూతురు గున్నమ్మ. పొట్లంలోని వేరుశనగ ఉండల్ని ఇద్దరికీ సమంగానే పంచాడు. గున్నమ్మకిస్తూ మాత్రం "తీసుకో తల్లీ" అన్నాడు. పద్మకిస్తూ ఏమీ అనలేదు.

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య తాయారు చెవిన ఆ ఒక్క మాటే పడింది.

అరసవల్లి దారిలో ఉన్న ఆ ఇంటిని చూసినవారెవరైనా ముచ్చటైన సంసారమనే అంటారు. అరవై ఏడులో శ్రీకూర్మం అవతలి పల్లెలో కలరా తగిలి తల్లీతండ్రీ ఒకరి వెంట ఒకరు పోతే, పదేళ్ళ గున్నమ్మను మేనమామ తెచ్చుకున్నాడు. తాయారు కాదనలేదు. తలంటి పోసింది, పద్మకు కుట్టించిన గుడ్డలోనే గున్నమ్మకూ పరికిణీ కుట్టించింది. జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. పాఠకులారా, ఆమె చెడ్డ మనిషని తొందరపడి అనుకోకండి.

కానీ జడ వేసేటప్పుడు గున్నమ్మ జుట్టు పిడికిట్లో పట్టేది కాదు. పద్మ జడ ఎలుకతోకలా ఉండేది. లెక్కల్లో గున్నమ్మను బడిలో మెచ్చుకునేవారు. అన్నిటికంటే, భర్త నవ్వు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాయారు ఎంత వండినా, ఎంత చేసినా అతను ముభావంగానే ఉండేవాడు. ఆ పిల్ల పక్కన కూర్చుంటే మాత్రం చెల్లెలి చిన్ననాటి కబుర్లు చెప్పి పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు వంటింట్లోకి వినబడినప్పుడల్లా తాయారుకు గుండెల్లో కారం రాసినట్టుండేది.

చివరికి భోగాపురంలో ఉన్న అన్న సూరయ్యకు కబురంపింది. అతనింట్లో మంచాన పడ్డ అత్తగారికి చేదోడుకు ఒక పిల్ల కావాలి. భర్తతో మాత్రం, "మా అన్న బడికి పంపిస్తానన్నాడు. కొన్నాళ్ళు అక్కడుంటాది" అని చెప్పింది. బడి మాట అబద్ధం. రోజూ అదే పోరు పడలేక గణపతిరావు సరేనన్నాడు. సోమవారం సూరయ్య వచ్చి తీసుకుపోవాలి.

ఆ ముందురోజు ఆదివారం.

ఆ వీధిలో జగన్నాధం మాస్టారని ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక, ఆదివారం మధ్యాహ్నాలు చదువురాని ఆడవాళ్ళను తన వరండాలో కూర్చోబెట్టి నవలలు చదివి వినిపించేవారు. ఆ నెల చదువుతున్నది ఒక పరదేశపు కథ. నాజీలు యూదుల్ని ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెడుతున్న రోజులు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఏడేళ్ళ పిల్లాణ్ణి ఒక రైతు ఊరివాళ్ళకు తన మేనల్లుడని చెప్పి, సైనికులు వస్తే గడ్డిమేటులో దాస్తాడు. ఒక సంతరోజు రైతు భార్య వెళ్ళి సైనికులకు ఆ సంగతి చెప్పేస్తుంది. పిల్లాడు ఎలాగో తప్పించుకుని, మంచులో, అడవుల్లో దిక్కులేకుండా తిరిగి, యుద్ధం ముగిసేదాకా బతికి బట్టకడతాడు.

మాస్టారు పుస్తకం మూశారు.

"దాని సేతులు ఇరిగిపోనూ! ఆడదేనా అది?" అంది పక్కింటి జగ్గమ్మ, ముక్కు చీదుతూ.

"పిల్లలు పుట్టని మనిషేమో! కడుపు తీపి ఏటి తెలుస్తాది?" అంది ఎదురింటి లక్ష్మణమ్మ.

"ఆమెకూ ఒక కొడుకున్నాడు కదమ్మా" అన్నారు మాస్టారు. "యూదులంటే పగ కూడా లేదని రాశాడు. మరెందుకు చెప్పినట్టు?"

తాయారు నోటివెంట మాట దానంతటదే వచ్చింది.

"ఆ మగోడు కొడుక్కి కుట్టించిన కోటు తీసి ఆ గుంటడికి తొడిగీసినాడు కదా మాస్టారూ! కొడుకుతో నవ్వని నవ్వు ఆడితో నవ్వినాడు. రోజూ అది సూస్తంటే ఏ తల్లికి కడుపు మండదు?"

అందరూ తిరిగి చూశారు. అప్పుడు అత్త వెంట వచ్చి స్తంభం పక్కన కూర్చున్న గున్నమ్మ మెల్లిగా అడిగింది:

"మాస్టారూ, ఆ గుంటడు ఇంకొంచెం తక్కువ తినుంటే ఆళ్ళు ఉంచుకుందురేటి?"

తాయారుకు గుర్తొచ్చింది. భోగాపురం మాట మొదలైన దగ్గర్నుంచీ ఈ పిల్ల రెండో ముద్ద పెట్టబోతే "సాలత్తా" అని కంచం మీద చెయ్యడ్డం పెడుతోంది. పొగరనుకుంది తాను. లోలోపల కాస్త సంతోషించింది కూడా.

మాస్టారు కళ్ళజోడు తీశారు. "లేదమ్మా. తిండి వల్ల కాదు. ఆ పిల్లాడి తప్పు ఇసుమంతైనా లేదు. వాడి తల్లిదండ్రుల్ని చంపింది, వాణ్ణి వేటాడింది ద్వేషం తలకెక్కిన ప్రభుత్వం, దాని సైన్యం. ఆ పాపం వాళ్ళది. కానీ ఆ సైన్యానికి ఆ గడ్డిమేటు తెలియదు. దారి చూపించింది ఆ ఇంటి ఓర్వలేనితనం."

తాయారు లేచి గున్నమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. ఇంటికెళ్ళి అన్నం వేడిగా వార్చి, కంచం ముందుపెట్టి, "తిను. సాలంటే ఊరుకోను" అంది. ఆ పిల్ల బెదురుగా చూస్తూ మూడుసార్లు పెట్టించుకుని తింది. అది చూసి తాయారు కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు సూరయ్య వచ్చాడు.

"గుంట రాదన్నా" అంది తాయారు.

"ఏటే! నువ్వే కదా కబురెట్టినావు?"

"నానే ఎట్టినాను. కడుపుమంటతో ఎట్టినాను. ఈయనకి బడని అబద్దం కూడా సెప్పినాను." పక్కనే భర్త ఉన్నాడని తెలిసే అంది. సూరయ్య గొణుక్కుంటూ బస్సెక్కాడు. గణపతిరావు, "నా తప్పూ ఉన్నాది తాయారూ. సచ్చిపోయినదాన్ని తలుసుకుంటా బతికున్నోళ్ళని ఒగ్గీసినాను" అన్నాడు.

అసూయ ఆ రోజుతో చచ్చిపోయిందని చెబితే అది అబద్ధమే. ఆ సాయంత్రం మేనమామా మేనకోడలూ నవ్వుకుంటుంటే తాయారుకు మళ్ళీ చురుక్కుమంది. ఈసారి వంటింట్లో ఉండిపోలేదు. పద్మను వెంటబెట్టుకుని వెళ్ళి, "ఏటా కబుర్లు? మాకూ సెప్పండి" అంటూ వాళ్ళ మధ్యన కూర్చుంది. అసూయ పుట్టకుండా ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. తల్లీతండ్రీ లేని బిడ్డ బతుకును దాని చేతికి అప్పగించకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది.