వడియాల మీద నడక

మే రెండో తారీఖు. ఆ పొద్దున బుల్లెమ్మ చద్దన్నంలో పెరుగు పోసుకుని, కొత్త ఆవకాయ ముక్క నంజుకుని తింది. ఎండ ముదరకముందే గుమ్మడి వడియాలు పెట్టెయ్యాలని ఆ వేళ అంత పెందలాడే తిన్నది. తర్వాత జరిగినదానివల్ల ఆ తారీఖూ ఆ చద్దన్నమూ ఆమెకు ఇప్పటికీ గుర్తే.

కర్ణాటకలో, సింధనూరు దగ్గర బాళగనూరులో వాళ్ళది డాబా ఇల్లు. పెళ్ళయిన కొత్తలో గుంటూరు పక్కనుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుని స్థిరపడ్డారు. నిరుడు బుల్లెమ్మ కాలికి తగిలిన చిన్న దెబ్బ, షుగరు వల్ల మానక, కుడికాలి చిటికెన వేలిని తీసుకుపోయింది. అరికాళ్ళకు స్పర్శ కూడా లేదు. "ఈసారి దెబ్బ తగిలినా, కాలినా పాదమే పోవచ్చమ్మా" అని సింధనూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పట్నుంచి మొగుడు యలమందయ్య ఆమెకు కాపలాదారై కూర్చున్నాడు. చేలోకి వద్దు, సంతకు వద్దు, ఎండెక్కాక మేడమీదికి అసలే వద్దు.

"జైల్లో ఖైదీనైనా సాయంత్రం కాసేపు వదుల్తారండీ."

"ఖైదీకి పది వేళ్ళూ ఉంటాయే."

వడియాల దగ్గరికి చెప్పులతో వెళ్ళడం మాత్రం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. డాక్టరు రాసిచ్చిన మెత్తటి నల్లచెప్పులు మెట్ల కిందే విడిచేది. తెల్లవారుజామున నేల చల్లగా ఉంటుంది గనక ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజు పదకొండు దాటాక మేడమీద కాకుల గోల వినబడింది. కాకుల్ని బెదిరించడానికి నిలబెట్టిన నల్లగొడుగు గాలికి పడిపోయిందని తెలిసిపోయింది. ఒక్క నిమిషమే కదా అనుకుని అలవాటుకొద్దీ వట్టికాళ్ళతో ఎక్కింది.

గొడుగు మెట్లగది గోడ మూల తిరిగి అవతల నీడలో పడుంది. గోడవార నీడలోనే నడిచి వెళ్ళి దాన్ని అందుకుంటుండగా వెనక మెట్లగది తలుపుకు లోపలినుంచి గడియ పడింది. కోతకోసే మిషను ఒకటి ఇల్లంతా అదిరిపోయేలా వీధిలోంచి పోతోంది. "ఏవండీ!" అన్న కేక అందులో కలిసిపోయింది. ఆ రొద తగ్గేసరికి యలమందయ్య మోటారుసైకిలు కాలవగట్టు మీదికి ఎక్కేసింది. మంచినీళ్ళ క్యానుకోసం వచ్చినవాడు, తలుపు తెరిచి ఉందని చూసి, కోతులు దూరతాయని గడియ పెట్టి పోయాడు. పెళ్ళాం గదిలో పడుకుందనే అనుకున్నాడు.

బుల్లెమ్మ తలుపు బాదింది. వినేవాళ్ళెవరూ లేరు. ఇరుగూపొరుగూ అంతా కోతల్లో ఉన్నారు. ఫోను కింద వంటింటి గట్టు మీద ఉంది. దారిన పోయేవాళ్ళకైనా కేక వినబడాలంటే వీధివైపు పిట్టగోడ దాకా పోవాలి. మధ్యలో ఉన్నదంతా ఎండలో కాగిన గచ్చు.

ఆమె వంగి, ఎండ పడుతున్న చోట వేళ్ళ వెనకవైపు ఆనించి చటుక్కున లాక్కుంది. చేతికి తెలిసిన సంగతి కాలికి తెలియదు. కాలితే చురుక్కుమన్నా అనదు. అదే ఆమె భయం.

పోనీ ఎవరో ఒకరు వచ్చేదాకా నీడలో నిలబడదామా అంటే, అవి నడినెత్తి సూర్యుడి రోజులు. నీడ చూస్తుండగానే గోడ కిందికి ముడుచుకుంటోంది. కాసేపట్లో తలుపు ముందూ నేల కాలుతుంది. నాలుక అప్పటికే పిడచకట్టుకుపోతోంది. పొద్దున వడియాల గుడ్డ తడపడానికి తెచ్చి తలుపు పక్కన పెట్టిన బకెట్లో అడుగున కాసిని నీళ్ళు మిగిలుండటం అదృష్టం. రెండు దోసిళ్ళు తాగింది.

తలుపు దగ్గర్నుంచి పిట్టగోడదాకా పాత నేతచీరలు రెండు పరిచి ఉన్నాయి. వాటి నిండా వడియాలు. పైన ఎండినా అడుగున తడి ఆరలేదు. గుడ్డకు చెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా ఉంది, అంతే. దారి ఉంది. కానీ కాలు పెట్టే సందు లేదు.

మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట పుట్టిన మనిషి. కొన్ని వడియాలు గోకి పక్కకు తీద్దామని చూసింది. అవి గుడ్డను కరుచుకుని ఉన్నాయి. చివరికి ఒకటి ఊడదీసి కళ్ళకద్దుకుంది. "తప్పు కాయి తల్లీ" అని, మిగిలిన నీళ్ళు ముందుకు చల్లి, గొడుగు విప్పి అడుగేసింది. పాదం కింద పిండి చితుకుతోందని కిందికి చూస్తేనే తెలిసింది. ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు.

పిట్టగోడ పట్టుకుని కేకలు పెట్టగా పెట్టగా, ఆ ఊరి రైతు మహదేవప్ప తలకు తడి తువ్వాలు చుట్టుకుని సైకిలు మీద వస్తూ కనిపించాడు.

"ఏందమ్మా, గింత ఎండల గొడుగేస్కొని మీదెందుకు ఎక్కినరు?"

"మా ఆయన గడియ పెట్టి పోయాడు. తియ్యి నాయనా!"

"కొట్లాడుకున్నరా ఏంది?"

"తీశాక చెప్తా. మెట్ల కింద చెప్పులున్నాయి, అవి కూడా పట్రా!"

అతను చెప్పులు చేత్తో పట్టుకొచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. ఆమె సిగ్గుపడి, "నీకు పుణ్యముంటుంది మహదేవప్పా" అంది. అతను నలిగిన వడియాలు చూసి, మిగిలినవాటిని తొక్కకుండా పక్కనుంచి తప్పుకుంటూ దిగిపోయాడు.

అతను చేలోకి పోయి కబురు చెప్పగానే యలమందయ్య పరుగున వచ్చాడు. నేలమీద కూర్చుని ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేలివేలికీ సందుసందుకీ చూశాడు. ఎడమ మడమ మీద కందిగింజంత బొబ్బ. పిట్టగోడ దగ్గర గుడ్డ అంచు దాటిందేమో, ఆమెకు తెలియనే లేదు. వెంటనే సింధనూరు తీసుకెళ్ళాడు. "పైచర్మమే కాలింది. ఇంకొన్ని నిమిషాలు అక్కడే నిలబడుంటే వేరేగా ఉండేది" అని డాక్టరు కట్టుకట్టి, వారం రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు.

సాయంత్రం మంచమ్మీద ఆమె, పక్కన కుర్చీలో అతను.

"గడియ పెట్టేముందు ఓసారి తొంగిచూడొద్దూ?"

"వద్దన్నాను గదా, మేడమీద ఉండవనుకున్నా."

"నలభై ఏళ్ళలో మీరు వద్దన్నది ఎప్పుడు మానేశాను?"

అతనికి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "ఇకనుంచి వద్దనను. చెప్పి వెళ్ళు. చెప్పులేసుకుని వెళ్ళు."

"వడియాల దగ్గరికి చెప్పులా?"

"తొక్కి చిత్తు చేసిన మనిషివి, ఇంకా మడేంటే?"

బుల్లెమ్మ కట్టుకట్టిన కాలు కదలకుండా పట్టుకుని మరీ నవ్వింది.

అన్నాలయ్యాక యలమందయ్య వీధితలుపు వెయ్యడానికి లేచాడు. రెక్కలు రెండూ పట్టుకుని ఆగిపోయాడు.

"బుల్లీ, లోపలే ఉన్నావా?"

మంచం దిగలేని మనిషిని అడుగుతున్నాడని ఆమెకు తెలుసు. "ఇక్కడే ఉన్నానండీ" అంది.

అప్పుడతను చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి, నెమ్మదిగా గడియ పెట్టాడు.