తాషా వాయించేవాడి చెవి పరీక్ష

తొంభై ఆరులో వినాయక చవితి దగ్గరపడుతున్న రోజుల్లో, రాయపూర్ వ్యాగన్ షాపు కాలనీలో సరోజినిని చూస్తే జనం సందు మార్చేసేవారు. తెలీబంధాలో చెవి డాక్టరు తివారీగారి దగ్గర ఆడియోమీటరు నడపడం కొత్తగా నేర్చుకుంది మరి! ఎవరు ఎదురైనా “రండి, మీ చెవులు చూస్తాను” అనడమే. కూరలమ్మిని అడిగింది, గ్యాసుబండి తెచ్చినవాణ్ని అడిగింది. కానీ ఆమె కన్నంతా తమ్ముడు అప్పారావు మీదే.

వాడికి ఇరవై ఏళ్లు. తాషా డప్పు పుల్లలు అందుకున్నాడంటే భన్‌పురిలో లారీ డ్రైవర్లు కూడా బండ్లు ఆపి గంతులేస్తారు. ఇన్నాళ్లూ కాలనీ కుర్రాళ్లతో నేలమీద వాయించినవాణ్ని, ఈ ఏడు చెన్నకేశవులు మామ తన ధుమాల్ పార్టీలోకి పిలిచాడు. ధుమాల్ అంటే లారీ నిండా డోళ్లు, తాషాలు, నిలువెత్తు స్పీకర్లు. అది వీధిలోకొస్తే కిటికీ అద్దాలు చిందులేస్తాయి. అప్పారావు చోటు సరిగ్గా స్పీకరు మూతి దగ్గర! వాడి కాళ్లు నేలమీద ఆనడం లేదు.

సరోజినికేమో గుబులు. ప్రాక్టీసు నుంచొచ్చాక వాడి చెవుల్లో కీచురాళ్లు కూస్తాయట. చేతి గడియారం అలారం మొత్తుకుంటుంటే పక్కగదిలో ఉన్న ఆమెకి వినబడుతుంది, చేతికి పెట్టుకున్నవాడికి వినబడదు.

“ఏటక్కా నీ గోల! నువ్వు గొణిగినా వింటన్నానా లేదా? నా చెవులు ఏకదమ్ ఫస్ట్‌క్లాస్,” అన్నాడు అప్పారావు.

“మాటలన్నీ వినబడతాయిరా. ముందు పోయేది సన్నటి కూతలే. పోయినట్టు నీకే తెలీదు.”

వాళ్లమ్మ దాలమ్మ పప్పు గరిటెతో సహా వచ్చేసింది. “ఒలే, తమ్ముడు సెవిటోడని ఊరంతా టాంటాం ఎయ్యి! రేపు ఆడికి పిల్లనెవులిస్తారే?”

“నేను చెవిటోణ్నా? పద, ఇప్పుడే పద!” అంటూ లేచాడు అప్పారావు.

“ఆదివారం వెళ్దాం. చెవులు బాగుంటే లారీ ఎక్కు, ఇంక నేనడ్డు రాను. తేడా ఉంటే ఎక్కవు. పక్కా?”

“పక్కా!”

ఆదివారం క్లినిక్కులో వేరే పేషెంట్లు లేరు. అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో తమ్ముణ్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో బటన్ పెట్టింది. “కూత వినబడితే నొక్కు. నొక్కితే నా మిషన్లో దీపం వెలుగుతుంది.”

కూత పంపింది. దీపం. తగ్గించి పంపింది. దీపం. ఇంకా తగ్గించింది. దీపం! నాలుగు వేల హెర్ట్జ్ మెట్టు దగ్గర, మోతలకి ముందుగా దెబ్బతినే ఆ సన్నటి కూత దగ్గర, మిషను ఇక తగ్గనంత కిందికి తగ్గించినా దీపం వెలుగుతూనే ఉంది. సరోజిని కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. వీడి చెవులు పిల్లి చెవులురా బాబూ!

అంతలో బయటినుంచి డాక్టరుగారు, “సరోజినీ బేటీ, చాయ్ పియోగీ?” అని కేకేశారు. “హా జీ!” అని మీట మీంచి చెయ్యి తీసేసి అటు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి దీపం వెలిగింది.

తను కూత పంపలేదే?

చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. దీపం వెలిగింది, ఆరింది. వెలిగింది, ఆరింది. గడియారం కొట్టినట్టు! అద్దంలోంచి తొంగి చూస్తే అప్పారావు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, బొటనవేలు నేలకి తాటిస్తున్నాడు.

తను కూతలన్నీ సమానమైన ఎడంతో పంపింది. వాయించేవాడు కదా, మొదటి నాలుగు వినగానే తాళం పట్టేసుకున్నాడు! ఆ తరవాత చెవితో పనే లేదు.

తలుపు తీసి వాడి హెడ్‌ఫోన్లు లాగేసింది. “ఒరే దొంగా! నేను కూత ఆపేసి ఎంతసేపైందో తెలుసా?”

“ఆపేశావా? నేను నొక్కుతూనే ఉన్నా కదా?”

“అదే చెప్తున్నా! ఏమీ లేనిచోట నొక్కావ్!”

వాడి నవ్వు ఆగిపోయింది. “ఖాళీలో వాయించానా? నేనా?”

ఈసారి ఆమె వంకరటింకరగా పంపింది. రెండు దగ్గరదగ్గరగా, ఒకటి బోలెడు ఆగి. లావు కూతలన్నీ ఇట్టే పట్టేశాడు. నాలుగు వేల దగ్గర మాత్రం దీపం వెలగలేదు. పెంచింది, వెలగలేదు. ఇంకా పెంచాకే వెలిగింది. కాగితం మీద గీత అక్కడ గుంటలో పడ్డట్టు దిగింది.

డాక్టరుగారు చాయ్ గ్లాసు పట్టుకునే గీత చూశారు. “నిన్న వాయించావా బేటా? మోతకి దూరంగా ఉండి, బుధవారం రా. అలసిన చెవి కొంత తేరుకుంటుంది.”

బుధవారానికి గుంట సగం పూడింది. మిగతా సగం అలాగే ఉంది.

“ఇది తిరిగి రాదు. కానీ చాలా ముందే దొరికింది,” అన్నారాయన. “ఇకమీదట కాపాడుకుంటే మాటకీ పాటకీ లోటుండదు.”

సరోజిని ఏదో అనబోయేలోపే వాడే అందుకున్నాడు. “లారీ ఎక్కనక్కా. అన్న మాట అన్నదే. నేలమీదే వాయిస్తా, చెవుల్లో బిరడాలు పెట్టుకుని,” అన్నాడు అప్పారావు. ఆమె పట్టలేక డాక్టరుగారి ముందే వాడి జుట్టు చెదరగొట్టేసింది. వాడు చేతిని తోసేస్తూ, “ఆగవే! లారీ మీద మావాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్లూ ఖాళీలోనే వాయిస్తున్నారేమో!” అన్నాడు.

తరవాతి ఆదివారం క్లినిక్కు ముందు ధుమాల్ లారీయే వచ్చి ఆగింది! స్పీకర్లు ఆపేసి ఉన్నాయి, జనం మాత్రం డోళ్లు లేకుండానే గోల. అప్పారావు గుమ్మంలో నిలబడి, “తాళం లెక్కెట్టకండిరా! వింటేనే నొక్కండి!” అని అరుస్తున్నాడు. అందరికన్నా ముందు చెన్నకేశవులు మామ లోపలికెళ్లాడు. సరోజిని కూతల్ని తన ఇష్టమొచ్చినట్టు చిందరవందర చేసి పంపింది.

ఆయన చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. “ఏంరా అప్పారావ్, మీ అక్కకి తాళం అస్సలు రాదేందిరా! నా జిందగీలో ఇంత బేకార్‌గ వాయించినోళ్లని చూడలే!”

“థాంక్స్ మామయ్యా!” అని సరోజిని లోపలినుంచే అరిచి, తరవాతివాణ్ని రమ్మంది.