ఎవరి కాలి కొలతకు

తడి మట్టి వాసన.

వాన వాసన కాదు. వానకింకా చాలా రోజులుంది. ఇంటి లోపల, కిటికీ కింద, ఏనాడూ ఎండ చూడని నేలను తవ్వితే వచ్చే వాసన ఇది... చల్లగా, పాతగా, కొంచెం ఇనుము రుచితో.

హన్మంతు ఆ వాసనకే నిద్ర లేచాడు. కళ్లు తెరవకముందే గుంట గుర్తొచ్చింది. నాయిన ఇంకా ఎంత లోతు తవ్వాడో...

గద్వాలలో సాలెవాళ్ల ఇంట్లో గుంట తవ్వుతున్నారంటే వాడకట్టంతా ఒకసారి వచ్చి చూసిపోతుంది. గుంట అంటే మగ్గం గుంట. నేసేవాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించుకుంటాడు. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి. వేళ్లు చెక్క మీద ఆడాలి, మడమ మాత్రం మట్టికే ఆనాలి. అందుకని గుంటను మనిషిని బట్టి తవ్వుతారు. అంగీ కుట్టినట్టే. ఒకరి కొలత ఇంకొకరికి సరిపోదు.

కొలత ఎవరిదో నాయిన ధర్మయ్య చెప్పలేదు.

ఇంట్లో కొడుకులు ఇద్దరు. హన్మంతుకు పదహారు నడుస్తోంది. శ్రీశైలానికి ఇంకా మీసం జాడ లేదు.

నాయిన మగ్గం కాక, రెండో మగ్గానికి తవ్వుతున్నది ఒక్క గుంట.

•

హన్మంతు పెరుగుతున్నాడు. అదే వాడి కష్టం.

నిన్నమొన్నటి దాకా నాయిన ఎడమ పక్కన కూర్చుని అంచు నాడె, అంటే అడ్డపోగును మోసే చెక్క, వేసేవాడు. గద్వాల చీర ఒక్కరితో అయ్యేది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలిపడాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. నాయిన నాడె విసిరితే వాడు అందుకునేవాడు. వాడు విసిరితే నాయిన అందుకునేవాడు. టక్... టక్... మాటల్లేవు. వాడికి తెలిసిన ముద్దు అదొక్కటే.

ఇప్పుడు మోకాళ్లు మగ్గం కర్రకు తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా పోగు అదురుతుంది. అదిరినప్పుడల్లా నాయిన చెయ్యి ఆగుతుంది. ఏమీ అనడు. ఒకరోజు మాత్రం వాడిని లేపి శ్రీశైలాన్ని కూర్చోబెట్టాడు.

ఆ రోజు నుంచి హన్మంతుకు ఇంట్లో చోటు లేదు.

తిండి ఉంది, పడుకోవడానికి చాప ఉంది. చోటు లేదు. కండెలు చుట్టేవాడు, నీళ్లు మోసేవాడు, గడప మీద కూర్చునేవాడు. తన కాళ్లను తానే తిట్టుకునేవాడు. తాడిచెట్టులా పెరుగుతున్నావురా అని వాడకట్టులో ఎవరైనా నవ్వితే వాడికి ఏడుపొచ్చేది. ఏడిస్తే గొంతు సగం మగవాడిదీ సగం పిల్లవాడిదీ అయి ఇంకా నవ్వుతారని గుటక వేసుకునేవాడు.

•

ఆ ఏడు ఎక్కడో పెద్ద యుద్ధం. ఎవరు ఎవరిని కొడుతున్నారో సాలెవాళ్లకు తెలియదు. నూలు దొరకడం లేదన్నది ఒక్కటే తెలుసు. వాడలో మగ్గాలు ఒకటొకటిగా మూగబోతున్నాయి.

అలాంటప్పుడు షోలాపూరు నుంచి మేనమామ దిగాడు. తిరుపతయ్య. అమ్మ జోగమ్మకు అన్న. బట్టల మిల్లులో పని. మిల్లు మోతకు చెవులు సగం పోయాయి. అందుకని గట్టిగా మాట్లాడతాడు. రహస్యం చెప్పినా వీధి చివరకు వినిపిస్తుంది.

నాయిన గొంతు నూలు పోగంత సన్నం.

గోడకు ఇవతల, నీళ్ల కుండల దగ్గర నిలబడ్డ హన్మంతుకు అందుకే సగం మాటలే వినిపించాయి.

"ఒక్కన్ని నాతోని పంపు బావా."

...

"చిన్నోడు చిన్నోడే. గానికి మిల్లుల పని ఇయ్యరు. పెద్దోన్ని ఇయ్యి."

...

"మంచిది. నీ ఇష్టం. గుంట అయినంక మాట్లాడదాం."

నాయిన ఏమన్నాడు? ఆ రెండు ఖాళీల్లో ఏముంది?

అడిగితే తేలిపోయేది. పదహారేళ్లవాడికి అన్నిటికీ నోరు లేస్తుంది గానీ, అడగవలసిన ఒక్క మాట దగ్గర నాలుక అంటుకుపోతుంది.

వాడు అడగలేదు.

వాడి కళ్లన్నీ గుంట మీదే. అది తన కాలి లోతుకు దిగితే తను ఉంటాడు. తమ్ముడి కాలి దగ్గర ఆగితే తను పోతాడు.

•

గుంటకు కట్టుబాట్లున్నాయి.

ముహూర్తం దాకా తవ్వే పెద్దమనిషి తప్ప ఇంకెవరూ అందులో కాలు పెట్టకూడదు. అది ఒకటి. ఇంకొకటి మరీ గట్టిది. గుంటలోంచి తీసిన మట్టిని మళ్లీ గుంటలో వేయకూడదు... పిడికెడు కూడా.

మట్టి వేస్తే పూడ్చినట్టు. పూడ్చడమంటే ఆ ఇంట్లో నేత ముగిసినట్టు.

పక్కింటి మాసయ్య పోయినప్పుడు హన్మంతు చూశాడు. వారసుడు లేడు. దినాలయ్యాక కులపెద్దలు వచ్చి తలా ఒక తట్ట మట్టి అతని గుంటలో పోశారు. మాసయ్య భార్య కాటి దగ్గర ఏడవలేదు. ఆ మట్టి పడుతుంటే ఏడ్చింది. హన్మంతు చాలా రోజులు ఆ ఇంటి ముందు నుంచి నడవలేకపోయాడు.

•

నిన్న మధ్యాహ్నం శ్రీశైలం చాప మీద వెల్లకిలా నిద్రపోతున్నాడు.

హన్మంతు పట్టు పోగుకు గులకరాయి కట్టాడు. గుంట అంచు నుంచి వదిలాడు. రాయి అడుగు తాకగానే అంచు దగ్గర పోగుకు ముడి వేశాడు. ముడిని తీసుకొచ్చి తమ్ముడి మోకాలి దగ్గర పెట్టి, పోగును కాలి వెంట కిందికి చాపాడు.

రాయి... మడమ... సరిగ్గా ఒకే చోట.

మళ్లీ కొలిచాడు. అంతే.

ఇవాళ పొద్దున చూస్తే గుంట అంతే లోతు. అడుగంతా నీళ్లతో తడిసి నల్లగా మెరుస్తోంది. గుంట పూర్తయ్యాక నీళ్లు చల్లి, అడుగు చదునుగా మెత్తి, అలుకుతారు. ఆ సంగతి సాలెవాళ్ల ఇంట్లో పుట్టిన వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంటే అయిపోయింది.

అంటే తమ్ముడికే.

షోలాపూరు కళ్లకు కట్టింది. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, ఎవరు నేశారో ఎవరికీ పట్టని బట్ట... మామ ఇదంతా గొప్పగా చెప్పుకుంటాడు పాపం.

•

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నాయిన, మామ కలిసి సావుకారు దగ్గరికి రెండో మగ్గానికి పట్టు తేవడానికి పోయారు. అమ్మ, శ్రీశైలం జములమ్మ గుడికి. ముహూర్తం రేపే.

ఇల్లు చూస్తుండమని హన్మంతుకు చెప్పారు.

వాడు ఇల్లు చూడలేదు. గుంటను చూశాడు.

ఒక్క జానెడు. జానెడు లోతు పెరిగితే అది తమ్ముడిది కాదు. తీసిన మట్టి వెనక్కి పోదు. లోతైన గుంటను నాయిన పూడ్చలేడు. అప్పుడు ఎవరిని కూర్చోబెడతాడు? కాళ్లున్నవాడినే.

కాలు పెట్టకూడదని వాడు పెట్టలేదు. కట్టుబాటు తప్పలేదు సుమా! బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి, చిన్న గునపంతో గీరాడు.

మట్టి వెన్నలా వచ్చింది.

అంత మెత్తగా వస్తుందని అనుకోలేదు. తట్టలోకి తీశాడు. పెరట్లో కుప్ప మీద పోశాడు. మళ్లీ పడుకున్నాడు. తన కాలికి కొలిచి పోగుకు ఇంకో ముడి వేసుకున్నాడు. గులకరాయి వదిలాడు... ముడి సరిపోయింది.

కుడివైపు సరిపోయింది. ఎడమవైపు గట్టు జారి బురద పడింది. అది తీశాడు. ఎడమవైపు లోతైంది. సమానం చేద్దామని కుడివైపు గీరాడు. కుడివైపు ఇంకా దిగింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి.

చెమట గుంటలో రాలుతోంది. బురదలో రాయి కూరుకుపోతోంది. ముడి అంచు దాటి కిందికి జారుతోంది.

చదును కావాలి. చదును అయితే చాలు. నాయినకు అనుమానం రాదు...

వీధిలో మామ గొంతు వినిపించింది.

అప్పుడు చూశాడు. భుజం దాకా దిగిన చెయ్యి అడుగును తాకడం లేదు.

•

ధర్మయ్య పట్టు మూటను దేవుడి దగ్గర పెట్టాడు. కాళ్లు కడుక్కున్నాడు. గుంట దగ్గరికి వచ్చాడు.

చాలాసేపు చూశాడు.

హన్మంతు చేతులు వెనక్కి దాచుకున్నాడు. దాచి ఏం లాభం, మోచేతి పైదాకా బురదే. గుడి నుంచి వచ్చిన అమ్మ, శ్రీశైలం గడపలో ఆగిపోయారు. మామ కూడా వచ్చి గుంటలోకి తొంగి చూశాడు.

ధర్మయ్య అంచున కూర్చుని కాళ్లు దించాడు. మడమ ఆనలేదు. అంత పొడుగు మనిషికీ ఆనలేదు.

"మా తాతకైతె సరిపోతుండె," అన్నాడు.

కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఎవలకని తవ్వుతున్నననుకున్నవ్‌రా?"

హన్మంతు చూపు తమ్ముడి వైపు పోయింది.

"మొరం గట్టిగున్నదని నీళ్లు పోసి నానబెట్టిన. సందేళకు ఇంకో జానెడు తీద్దామనుకున్న." నాయిన గొంతు మరీ సన్నమైంది. "నీకే బిడ్డా. చిన్నోడు నా పక్కన కూసుంటడు, నువ్వు గీడ మీ అమ్మతోని కూసుంటవనుకున్న."

"మరి మామ అడిగిండు గద..."

"అడిగిండు. పంపనన్న. రెండు తాపలు పంపనన్న."

రెండు ఖాళీలు. రెండింట్లోనూ అదే మాట.

ఆ మాట ఒక్కటి గోడ దాటి వచ్చి ఉంటే... ఒక్కసారి అడిగి ఉంటే... తను ఎంత మూర్ఖుడో వాడికి ఒక్కసారిగా తెలిసింది. చచ్చిపోవాలనిపించింది.

"ఓ బండ ఏస్తె పోదా బావా?" మామ అన్నాడు. ఈసారి మెల్లగా.

"మడమ మట్టికి ఆనాలె."

"పక్కన ఇంకోటి తవ్వు."

"ఏడ తవ్వాలె? వెలుతురు వచ్చేది గీ ఒక్క జాగనే."

రెండో మగ్గం లేనప్పుడు సావుకారు పట్టు ఇంట్లో ఉండదు. ఉన్న ఒక్క మగ్గం నలుగురికి అన్నం పెట్టదు. ఆ మగ్గం పక్కన చోటు ఒక్కరికే, అక్కడ చిన్నవాడి మోకాళ్లు తగలవు. ఇదంతా అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

అనవలసినవాడు ఎవరో కూడా అందరికీ తెలుసు.

"నేను పోత," అన్నాడు హన్మంతు.

నాయిన వైపు చూశాడు. వద్దు అంటాడని చూశాడు. పంపనని రెండుసార్లు అన్న మనిషి, మూడోసారి కూడా అంటాడని... నాయిన పెదవులు కదిలాయి. పట్టు మూట వైపు చూసి తల దించుకున్నాడు.

అమ్మ లోపలికి వెళ్లి సజ్జ రొట్టెలకు పిండి కలపడం మొదలుపెట్టింది.

•

పొద్దున్నే రాయచూరు పోయే బండి ఇంటి ముందు ఆగింది. అక్కడి నుంచి రైలు.

ముహూర్తం వేళ అది. నాయిన స్నానం చేశాడు, బొట్టు పెట్టుకున్నాడు. పట్టు మూట భుజాన వేసుకుని సావుకారు ఇంటికి బయలుదేరాడు. పోతూ పోతూ హన్మంతు తల మీద చెయ్యి పెట్టాడు. పెట్టాలంటే చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత వీధిలోకి నడిచిపోయాడు.

అమ్మ మూటలో రొట్టెలు కట్టింది. విప్పి మళ్లీ కట్టింది. మామ బండివాడితో గట్టిగట్టిగా మాట్లాడుతున్నాడు.

ఇంట్లోంచి పిలుపు వచ్చింది.

"అన్నా..."

హన్మంతు వెనక్కి వెళ్లాడు. శ్రీశైలం గుంట అంచున కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెప్పకుండా, పూజ లేకుండా, కాళ్లు లోపలికి దించేశాడు. ఇంకో రోజైతే ఇల్లు ఎగిరిపోయేది. ఇవాళ తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

వాడి సన్నటి కాళ్లు నల్లటి లోతులో ఊగుతున్నాయి. కింద చాలా దూరంలో తడి మట్టి.

"అందుతలేదన్నా."

హన్మంతు చూశాడు. ఆ గుంటలో తన గునపం గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. దించితే తన కాళ్లూ అందవు. కానీ తమ్ముడికి ఇంకా పెరగడం మిగిలి ఉంది. నాయిన చెప్పిన ఆ పొడుగు తాత పోలిక వాడిదేనని అమ్మ ఎప్పుడూ అంటుంది. తన చోటు కోసం తవ్వింది వాడికే సరిపోతుందేమో... ఏదో ఒక రోజు.

కడుపు మండింది. నిజంగానే మండింది. తమ్ముడి భుజం పట్టుకుని లేపేయాలనిపించి చెయ్యి ముందుకు వెళ్లింది. వెళ్లిన చెయ్యి వాడి భుజం మీదే ఉండిపోయింది.

బయట ఎడ్ల గజ్జెలు కదిలాయి. మామ పిలుస్తున్నాడు.

"అందుతది," అన్నాడు హన్మంతు. "రోజూ కూసొని చూస్తుండు. అందుతది."

శ్రీశైలం తల ఎత్తలేదు. ఇంకొంచెం కిందికి జరిగి, కాలి బొటనవేలును చాపాడు... తడి మట్టి కోసం.