పదిహేడో బల్ల మీద పన్నెండు గుడ్లు

పెద్దకోడలికీ టైలరమ్మకీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు. తోడికోడళ్ళే గానీ మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ గోడకేసి చూస్తూ దిగిపోతారు. గొడవ ఎక్కడ మొదలైందంటారా, నీళ్ళ మోటారు స్విచ్చి దగ్గర. ముందు ఎవరు ఆపారో ఆ మోటారుకే తెలియాలి. అలాంటి ఇద్దరి కూతుళ్ళకీ సైన్సు ఫెయిర్‌లో పక్కపక్క బల్లలు పడ్డాయి. రెండు బల్లలకీ కలిపి గోడకున్నది ఒక్కటే ప్లగ్గు.

పదిహేడో బల్ల టైలరమ్మ కూతురిది. థర్మోకోల్ పెట్టె, అందులో బల్బు, థర్మామీటరు, గిన్నెలో నీళ్ళు, పన్నెండు గుడ్లు. కోడి పొదగకుండానే గుడ్లలోంచి పిల్లల్ని పుట్టించి చూపిస్తానని దాని పంతం. ఆవేళకి ఇరవై ఒకటో రోజు. పొద్దున్న ఒక గుడ్డు మీద సన్నటి పగులు కనిపించింది. చెవి ఆనిస్తే లోపల కిచకిచ. ఇన్నాళ్ళూ మెలకువగా ఉన్నంతసేపూ పెట్టెలో వేడి చూడడం, నోట్సులో రాయడం. ఏం జరిగినా రాసేస్తుందని ఇంట్లో దాన్ని రాతలమ్మ అంటారు.

పద్దెనిమిదో బల్ల మీద పెద్దకోడలి కూతురు తిరిగే గ్రహాలు, రంగు దీపాలు పెట్టింది.

టైలరమ్మ గిన్నెలోకి గోరువెచ్చటి నీళ్ళు పట్టుకొచ్చేసరికి పెట్టెలో బల్బు ఆరిపోయి ఉంది. పక్కన గ్రహాలు గిరగిరా తిరుగుతున్నాయి. రాతలమ్మ పెట్టెని కావలించుకుని నిలబడింది.

"ప్లగ్గు ఎవరు పీకారు?" అని అరిచింది టైలరమ్మ.

"నేనే," అంది పెద్దకోడలు, మూడేళ్ళకి మొదటి మాటగా. "జడ్జీలొచ్చే వేళకి మా గ్రహాలు ఆగిపోవాలా ఏం?"

"లోపల ప్రాణాలున్నాయక్కా! చల్లారిపోతాయి."

"చల్లారితే వేడి చేసుకు తినండి."

"నీ నోరు పడిపోను!"

"పడితే నీది ముందు పడుద్ది. గుడ్డముక్కలు కుట్టుకునేదానికి సైన్సొకటి!"

టైలరమ్మ ప్లగ్గు మీద చెయ్యి వేసింది. పెద్దకోడలు ఆ చేతి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఇచ్చెయ్యవే అమ్మా, పిన్ని ఏడుస్తోంది," అంది పెద్దకోడలి కూతురు.

"నేనేం ఏడవట్లేదు," అంది టైలరమ్మ ముక్కు ఎగబీలుస్తూ.

హాలు చూసుకునే మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "ఇంకో మాట వినిపిస్తే రెండు బల్లలూ ఎత్తించేస్తా!"

ఆయన ఎక్కణ్ణుంచో తీగ తెచ్చి ఇంకో ప్లగ్గు చూపించేసరికి నలభై నిమిషాలు గడిచాయి. అందాకా టైలరమ్మ తన శాలువా పెట్టెకి చుట్టి, పైన చేతులు వేసుకు కూర్చుంది.

జడ్జీ ముసలావిడ. "పిల్లలేవమ్మా?" అంది. పెద్దకోడలు కిసుక్కున నవ్వింది. జడ్జీ నోట్సు తిప్పి పైకే చదివింది.

"పదకొండుంబావుకి వేడి ముప్పై ఎనిమిది. పెద్దమ్మ ప్లగ్గు తీసింది. పదకొండున్నరకి వేడి ముప్పై మూడు. అమ్మ తిట్టింది. ముప్పావుకి ముప్పై ఒకటి. పెద్దమ్మ తిట్టింది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. పెద్దకోడలి మొహం కందగడ్డైంది.

"ఇంటి గుట్టు నలుగురిలో పెడతావుటే?"

"వేడి ఎందుకు తగ్గిందో రాయాలిగా పెద్దమ్మా," అంది రాతలమ్మ.

"రాత బాగుంది. కానీ ఫెయిర్ మూసేలోగా పిల్ల బయటికి రాకపోతే మార్కులు వెయ్యలేను," అంది జడ్జీ.

పిల్ల రాలేదు. నాలుగింటికి చదివిన బహుమతుల జాబితాలో పదిహేడూ లేదు, పద్దెనిమిదీ లేదు.

తిరుగు ప్రయాణం స్కూలు వ్యానులో, నలుగురూ ఒకే వరసలో. వేణ్ణీళ్ళ సీసాకి శాలువా చుట్టి, మధ్యలో గుడ్లు పెట్టుకుని టైలరమ్మ ఒడిలో పట్టుకుంది. పెద్దకోడలి పక్క కిటికీలోంచి గాలి రయ్యిన కొడుతోంది.

అప్పుడు పెంకు టప్పున విడిపోయింది. తడిసి ముద్దైన పిల్ల ఒకటి వణుక్కుంటూ తల పైకెత్తింది.

పెద్దకోడలు ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం చాపి కిటికీ అద్దం లాగింది. టైలరమ్మ కూడా అటువైపు చూడలేదు.

రాతలమ్మ పెన్ను తీసింది. "నాలుగూ ముప్పై ఐదుకి ఒకటి పుట్టింది. పెద్దమ్మ కిటికీ మూసింది."