పాత టేకు, కొత్త బొంత

మరిది గేటు దాటి లోపలికి రాలేదు. చేతిలో ఒక నల్లటి చెత్త సంచి, దాని మూతికి మూడు ముళ్లు. చచ్చిన ఎలకను తోక పట్టుకుని తెచ్చినట్టు ఒంటికి దూరంగా పట్టుకొచ్చి గేటు బయటే నేల మీద పెట్టాడు.

"వదినా, మీ బొంతలో నల్లులున్నాయి. పాప ఒంటి నిండా దద్దుర్లు. మిమ్మల్ని ఏమీ అనడం లేదు. కానీ ఇది మా ఇంట్లో వద్దు," అన్నాడు.

చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఏమీ అనడం లేదంటూ ఆయన అన్నంత, నోరు పారేసుకునేవాళ్లు కూడా అనలేరు.

ఆవిడని ఆసుపత్రిలో అందరూ దుప్పట్ల అక్క అంటారు. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు ఉడకబెట్టించి, ఆరబెట్టించి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేయించి తిరిగి పంపే గదికి ఇరవై ఆరేళ్లుగా ఆవిడే పెద్ద దిక్కు. దుప్పటి మీద ఆవగింజంత మచ్చ కనిపించినా గడప దాటనివ్వదు. ఇంట్లో చీపురుని కూడా వేణ్ణీళ్లతో కడిగి ఎండలో నిలబెట్టే మనిషి. కింది పనివాళ్లు వెనకాల నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ అనుకుంటుంది. అలాంటి మనిషి గుమ్మంలో నల్లుల సంచి. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు కూడా.

మరిది అంటే చెల్లెలి మొగుడు. ముప్పై ఐదేళ్లు బీమా ఆఫీసులో ఫైళ్లు తిప్పి రిటైరయ్యాడు. ఆ తర్వాత మూడో నెలలో ఆయనకి వడ్రంగం పిచ్చి పట్టింది. ఫోనులో ఎవరో కుర్చీ చేస్తుంటే చూసి, రంపం, చిత్రిక, ఉలి కొనుక్కొచ్చి కారు షెడ్డులో దిగాడు. కారు ఎండలోకి వచ్చింది. మొదటి స్టూలుకి నాలుగు కాళ్లు, నాలుగు అభిప్రాయాలు. కూర్చున్నవాళ్లు ఊగుతుంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేల సమంగా లేదనేవాడు. బంధువుల ఇళ్లకు తలో స్టూలు చేరింది. దుప్పట్ల అక్క తన స్టూలుని మరిగే నీళ్లతో కడిగి, పెరట్లో వేసి, దాని మీద పూలకుండీ పెట్టుకుంది. కుండీ పగిలితే ఇంకోటి తెచ్చుకోవచ్చు, నడుం విరిగితే తెచ్చుకోలేం కదా.

కొత్త చెక్క అంటే ఆయనకి చిన్నచూపు. పాత సామాన్ల కొట్లో విరిగిన మంచాల కోళ్లు, పట్టెలు ఏరుకొచ్చేవాడు. పాత టేకు ఇక వంగదు, పగలదు, అంత ఆరిన చెక్క ఇప్పుడు దొరకదు అని కనిపించిన వాళ్లకల్లా పాఠం చెప్పేవాడు. ఆ చెక్కల్లో ఉన్న మేకుల బెజ్జాలు, కీళ్ల సందులు మాత్రం పూడ్చేవాడు కాదు. పాతదనానికి అవే అందమట. నీళ్లు తగిలితే చెక్క ఉబ్బుతుంది, ఎండ తగిలితే నెర్రెలు విచ్చుతుంది అని రెండూ తగలనిచ్చేవాడు కాదు. దుమ్ము దులిపి, చిత్రిక పట్టి, పైన అద్దంలా పాలిష్ వేసేవాడు.

ఆయన పుట్టినరోజుకి నీ చేత్తో ఏదైనా చేసివ్వక్కా అని అడిగింది చెల్లెలే. చెల్లెలు అడిగితే కాదనడం దుప్పట్ల అక్కకి చిన్నప్పటినుంచీ రాదు. ఏడు నెలలు కూర్చుని బొంత కుట్టింది. బొంతంటే పాత బట్టల అతుకులు అనుకునేవాళ్లు దీన్ని చూస్తే నోరెళ్లబెట్టాల్సిందే. తేనె రంగు, ఇటుక రంగు, కాఫీ గింజ రంగు, అన్నీ కొత్త గుడ్డలే కొని, పలకల్లా పొడుగ్గా కత్తిరించి పక్కపక్కన పేర్చింది. చెక్క మీద కనిపించే గీతల్లాగే దారాన్ని వంపులు తిప్పుతూ కుట్లు వేసింది. మధ్యలో అడ్డంగా కోసిన దుంగ, దానిలో వలయాలు, లెక్కపెడితే సరిగ్గా అరవై ఒకటి, మరిది వయసన్ని. లోపల పరిచింది కూడా కొత్త కోరా గుడ్డే. ముక్క ముక్కనీ మూడేసి సార్లు మరిగే నీళ్లలో ముంచి తీసింది. అలవాటైపోయిన చెయ్యి, మానమంటే మానదు.

పుట్టినరోజు నాడు మరిది బొంతని బల్ల మీద పరిచి, షెడ్డులోంచి మూలమట్టం తెచ్చి నాలుగు మూలలకీ ఆనించి చూశాడు. ఎడమ మూల అర సెంటీమీటరు బయటికి పోయిందని తేల్చాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే అదే. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. బాగుంది వదినా, షెడ్డులో పనికొస్తుంది అన్నాడు. ఏదో వేళాకోళం అనుకుందావిడ.

వేళాకోళం కాదని సంచి విప్పాక తెలిసింది. పెరట్లో, చేతులకి ఆసుపత్రి తొడుగులు వేసుకుని విప్పింది. ముందు వాసన కొట్టింది. వార్నిషు, తడి జిగురు, వాటి కింద నలిగిన నల్లి కంపు. బొంత మడతల్లో గుప్పెళ్ల కొద్దీ రంపపు పొట్టు. తేనె రంగు పలకల మీద జిగురు కారి గట్టిపడి పెచ్చులు కట్టింది. దుంగ వలయాల మీద ఎవరిదో బూటు అడుగు. పాలిష్ బ్రష్షు తుడిచిన చారలు, ఒకటి కాదు, వంద. ఇక కుట్ల సందుల్లో నల్లులు, ఎక్కడికక్కడ బలిసి, కదలడానికి బద్ధకించేంత. వాటి మలం మిరియపు పొడి చల్లినట్టు కుట్ల వెంట. ఆవిడ నీళ్ల తొట్టి పక్కకి వెళ్లి కక్కుకుంది.

కక్కుకున్నాక బుర్ర పనిచేసింది. ఈ బొంత ఒక్క రోజు కూడా ఏ మంచం మీదా పరవలేదు. పుట్టినరోజు నుంచీ షెడ్డులోనే ఉంది. పాలిష్ వేసిన చెక్కలు గీసుకుపోకుండా చుట్టడానికీ, చేతులు తుడుచుకోవడానికీ, కాళ్ల కింద వేసుకోవడానికీ వాడాడు. పాప ఒంటి మీద కప్పనే లేదు. అలాంటప్పుడు పాపకి నల్లులు బొంతలోంచి ఎలా వస్తాయి? పాప పడుకునేది మరిది చేసిన తొట్టిమంచంలో. చెల్లెలి కూతురు ఏడు నెలల పిల్లతో ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఆ తొట్టి కూడా పాత మంచాల టేకుతోనే చేశాడు. బొంత ఇవ్వడానికి నెల ముందే చెల్లెలు ఫోను చేసి, పాపకి దద్దుర్లు వస్తున్నాయి ఏం రాయమంటావని అడిగింది. ఆ ఫోను ఆవిడకి బాగా గుర్తు.

అది అక్కడితో ఆగితే కడిగేసుకునేది. మర్నాడు స్టోర్సు ఆఫీసరు ఫోను చేశాడు. ఆయనా మరిదీ రోజూ పొద్దున్నే కలిసి నడుస్తారు. విషయం తెలిసిందనీ, ఇది ఆసుపత్రి వ్యవహారమనీ, అసలు ఆ బొంతలో వేసినవి ఆసుపత్రి పాత దుప్పట్లేమో అని కూడా వింటున్నాననీ నసిగాడు. సోమవారం నుంచి గదికి రావొద్దు, తాళాలు ఇంకొకరికి ఇస్తున్నాం, ఏ సంగతీ తర్వాత చెప్తాం అన్నాడు. దుప్పట్ల గది మనిషి ఇంట్లో నల్లులంటే ఉంచుకుంటారా? ఇరవై ఆరేళ్లు ఉడకబెట్టిన పేరు ఒక్క నడకలో మురికైపోయింది.

ఆదివారం పొద్దున్నే చెల్లెలి ఇంటికి వెళ్లింది. హాల్లో తొట్టిమంచం తళతళలాడుతోంది. అందులో పాప. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు, మూడేసి చొప్పున వరసగా, దారం పట్టి కుట్టినట్టు. ఒక్కోదాన్ని పాప గోళ్లతో గీరుకుంటోంది. బొంత వెళ్లిపోయి మూడు రోజులైంది, కొన్ని దద్దుర్లు ఈ తెల్లవారుజామువి.

ఆవిడ ఆ మాటే అంది. మరిది ఒప్పుకోలేదు. మూడు పూతల పాలిష్ వేసిన చెక్క, అందులోకి పురుగు దూరే సందే లేదని వాదించాడు. తొట్టి పట్టెని అరచేత్తో నిమురుతూ వాదించాడు. ఏడుస్తున్న పాపని అంత ప్రేమగా ఎవరూ నిమరడం లేదు. ఆవిడ ఆయన్ని వదిలేసి చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే. బొంత రాకముందే పాపకి దద్దుర్లున్నాయని నాకు ఫోను చేశావా లేదా?"

చెల్లెలు సోఫా చివర కుక్కిన పేనులా కూర్చుని ఉంది. కొంగు అంచు మడత పెట్టి విప్పి, విప్పి మడత పెట్టింది.

"నాకు గుర్తులేదక్కా."

దుప్పట్ల అక్క పాపని ఎత్తుకోమని చెల్లెలి కూతురికి చెప్పి వంటింట్లోకి వెళ్లింది. ఇంట్లో ఉన్న గిన్నెల్లో అన్నిటికన్నా పెద్దది తీసి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. పన్నెండు నిమిషాలు పట్టింది మరగడానికి. అంతసేపూ చెల్లెలు గుమ్మంలో నిలబడే ఉంది. ఏం చేయబోతోందో అర్థమయ్యాక గొంతు తగ్గించి అంది.

"వద్దక్కా. ఆయన ఆరు నెలలు కష్టపడి చేశారు దాన్ని."

"నేను ఏడు నెలలు కుట్టాను," అని గిన్నె దింపింది దుప్పట్ల అక్క.

మరిది అడ్డం రాబోయాడు గానీ మరిగే నీళ్లకి ఎవరు అడ్డం వస్తారు? పరుపు తీసి పారేసి, కోడుకీ పట్టెకీ మధ్య సందులో సన్నటి ధారగా పోసింది, ఇరవై ఆరేళ్ల చేతివాటంతో, చుక్క పక్కకి పోకుండా. మొదట ఆవిరి లేచింది. తర్వాత పాలిష్ తెల్లగా పాలిపోయింది. ఆ తర్వాత అవి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు. అందమని పూడ్చకుండా వదిలిన ప్రతి మేకు బెజ్జంలోంచీ బిలబిలమని వచ్చాయి. పెద్దవి, పిల్లవి, గోధుమ పొట్టులాంటి ఖాళీ చర్మాలు, తెల్లటి గుడ్ల ముద్దలు. నీళ్లతో కలిసి కోడు మీదుగా కారి నేల మీద మడుగు కట్టాయి. కొన్ని ఇంకా కాళ్లాడిస్తున్నాయి. పాప రక్తం తాగిన కడుపులు చిట్లి మడుగు ఎర్రబారింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాపని రెండో చేత్తో నొక్కిపట్టి గోడదాకా వెనక్కి జరిగింది. హాలంతా అదే కంపు.

మరిది మోకాళ్ల మీద కూర్చుని చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. నల్లులని కాదు. తెల్లబడిన పాలిష్‌ని. ఒక నల్లి ఆయన బొటనవేలు మీదుగా పాకి చొక్కా చేతిలోకి దూరింది, ఆయన చూసుకోలేదు. ఎంత తుడిచినా మెరుపు రాదని తేలాక తలెత్తి, పెద్ద మనసు చేసుకున్నవాడిలా అన్నాడు.

"సరే వదినా. స్టోర్సు ఆఫీసరుకి నేను చెప్తాలెండి, మీ ఇంట్లో ఇప్పుడు తగ్గిపోయాయని."

కూతురు "నాన్నా" అంది, అంతే.

దుప్పట్ల అక్కకి ఆ మనిషి మీద కోపం కూడా రాలేదు. కోపం మనుషుల మీద వస్తుంది. గిన్నె కింద పెట్టి చెల్లెల్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది. ఎప్పటినుంచి తెలుసు నీకు అని అడిగింది. చెల్లెలు దాచిందంతా చెప్పేసింది.

"మొదటి స్టూలప్పుడే చూశాను. రోజూ ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పిన్నీసుతో సందుల్లో పొడిచి చంపేదాన్ని. చెప్తే షెడ్డు మూసేస్తారక్కా. రిటైరయ్యాక రెండు నెలలు ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నారు, అది నువ్వు చూడలేదు. తొట్టిలో పాపని వేసేముందు కూడా పొడిచాను, పోయాయనుకున్నాను. బొంత వల్లేమో అని ఆయనతో ముందు అన్నది నేనే. ఆసుపత్రి దుప్పట్ల మాట కూడా నేనే." ముక్కు తుడుచుకుంది. "నువ్వయితే తట్టుకుంటావనుకున్నాను."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, కూరలో ఉప్పు ఎక్కువైందేమో అన్నట్టు అంది. నల్లి పొట్ట నిండాక పోయి దాక్కుంటుంది, దానికి అంతకన్నా తెలియదు. ఇదేమో దుప్పట్ల అక్క ఒళ్లో పెరిగిన పిల్ల. తనే జడలు వేసింది, జ్వరమొస్తే గంజి పట్టింది. ఆ పిల్ల మొగుడి ముచ్చట కోసం మనవరాలిని నల్లులకి పడుకోబెట్టి, అక్క పేరు తీసి పైన కప్పింది.

"ఫోను తియ్యి. ఆఫీసరుకి నువ్వే చెప్పు. ఇప్పుడే, నా ముందు."

చెల్లెలు చేసింది. ముందు క్షేమసమాచారాలు అడగబోయి, అక్క ముఖం చూసి మానేసింది. మా అక్క ఇంట్లో ఏమీ లేవండీ, ఉన్నవి మా ఇంట్లోనే, మొదటినుంచీ, బొంతలో వేసినవి అన్నీ కొత్త గుడ్డలేనండీ అని చెప్పింది. అవతల ఆయన ఏదేదో అడుగుతున్నాడు, అవునండీ అవునండీ అంటోంది. రేపు పనిలోకి రమ్మంటున్నారక్కా అని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా ఒప్పుకుంటూ అక్క చెయ్యి పట్టుకునేది, అలాగే ఇప్పుడూ ఖాళీ చెయ్యి చాచి అక్క మణికట్టు మీద వేసింది.

దుప్పట్ల అక్క చెయ్యి ఒక్క ఉదుటున వెనక్కి వచ్చేసింది. ఆ చేత్తోనే మొన్న పెరట్లో నల్లుల బొంత విప్పింది, ఇందాక తొట్టి పరుపు లాగి పారేసింది. అప్పుడు కూడా అది అలా ఉలిక్కిపడలేదు. చెల్లెలు చూసింది. ఫోనులో ఆఫీసరు ఇంకా హలో, హలో అంటూనే ఉన్నాడు.