నవ్వుకి వదిలిన చోటు

మాటల సినిమాలు వచ్చాక మా ఎడిటర్ల నెత్తిన ఇంకో చాకిరీ పడింది. హాస్యం ఉన్న చోటల్లా, హాల్లో జనం నవ్వుతారని ముందే ఊహించి, తర్వాతి డైలాగు ఆ నవ్వులో కొట్టుకుపోకుండా కాస్త ఖాళీ వదలాలి. అంతసేపూ తెర మీద మనిషి ఊరికే చూస్తూ ఉంటాడు. దాన్ని మేం నవ్వుకి చోటు అంటాం. తక్కువైతే డైలాగు వినబడదు. ఎక్కువైతే, బల్ల నిండా వడ్డించాక చుట్టాలెవరూ రానట్టు ఉంటుంది.

అప్పుడు మా స్టూడియో తీస్తున్నది దయ్యాల కొంప సినిమా. అందులో దయ్యమేమీ లేదు. వీలునామా చదవడానికి బంధువులంతా పాత బంగళాలో చేరతారు, బయట వాన, గోడలోంచి ఓ చెయ్యి వస్తుంది, ఒక్కొక్కరే మాయమవుతుంటారు. కాస్త హత్య, కాస్త వెకిలితనం, కాస్త భయం. హాలీవుడ్‌లో ఇలాంటివి కత్తిరించీ అతికించీ నాకు విసుగు పుట్టింది. హంతకుడు ఎవరైతే నాకేం, నడుం నొప్పి తగ్గితే చాలనిపించేది.

ఇందులో ముసలి నౌకరు వేషం ఓజీ ప్రూయిట్‌ది. మూకీల రోజుల్లో ఆయన మొహం చూసి దేశమంతా పడీ పడీ నవ్వింది. భయం వేయగానే ఆ మొహంలో ఉన్నదంతా ఖాళీ అయిపోయేది, తర్వాత కళ్లు మెల్లగా పెద్దవయ్యేవి. అంతే. దానికే జనం కుర్చీల్లోంచి జారిపోయేవాళ్లు. మాటలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారు. నిర్మాత లోవెల్ స్ట్రాండ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు: "రిలీజుకి ముందు పొమోనా ఊళ్లో జనానికి వేసి చూపిస్తాం. నవ్వారా, ఉంటావు. నవ్వలేదా, ఇంటికెళ్లి గులాబీలు పెంచుకో."

ప్రదర్శనకి ముందు ఓజీ నా గదికి వచ్చాడు. నేను తెల్ల గ్లవ్స్ వేసుకుని, ఫిల్ము ముక్కలు అతికే జిగురు వాసన మధ్య కూర్చుని ఉన్నాను.

"వెర్నా, అమ్మాయ్, నా టోపీ సీను చూపించు."

చూపించాను. గోడలోంచి చెయ్యి వచ్చి ఆయన టోపీ ఎత్తుకుపోతుంది. తల తడుముకుంటాడు, మనవైపు తిరిగి ఆ మొహం పెడతాడు. వెంటనే కథానాయిక, "టోపీ ఏదీ?" అంటుంది.

"ఇదేంటమ్మా, ఊపిరి తీసుకునే లోపే ఆ పిల్ల మాట్లాడేస్తోంది! నవ్వులో ఆ మాట ఎవడికి వినబడుతుంది?"

"ఈ మాత్రం చాలండీ ఓజీ గారూ. ఇప్పటి జనం అంతసేపు నవ్వరు."

"ఇప్పటి జనానికి పొట్టలు లేవా ఏం? పెంచు. ఇంకా. ఇంకా... ఆఁ, అక్కడ ఆపు."

చాలా ఎక్కువ. ఆ మాటే చెప్పాను. ఆయన నా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "నాకు వచ్చిన పని ఇదొక్కటే అమ్మాయ్. సగంలో కొయ్యకు," అన్నాడు. ఆ గొంతు విన్నాక వాదించబుద్ధి కాలేదు. అతికేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఫిల్ము డబ్బాలతో పాటు మమ్మల్నీ కార్లో ఎక్కించి పొమోనా తీసుకెళ్లారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన నారింజ తోటల వాళ్లతో హాలు నిండింది. మంచి జనమే. కుర్ర కమెడియన్ మెట్ల మీంచి దొర్లితే విరగబడి నవ్వారు. చీకట్లో ఓజీ మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు.

టోపీ పోయింది. ఓజీ మనవైపు తిరిగాడు.

ఎవరూ నవ్వలేదు.

నవ్వు కోసం వదిలిన చోటంతా నిశ్శబ్దం. తెర నిండా ఓ ముసలి మొహం, అందులో ఏమీ లేదు. ఎవరిదో దగ్గు వినబడింది. ఆ మొహం అలా చూస్తూనే ఉంది. నాకు సీటు కింద దూరిపోవాలనిపించింది. అప్పుడు కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి. ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంది. ఆ కేకతో పిల్లలు ఏడుపందుకున్నారు, హాలు హాలంతా ఒక్కసారి కుర్చీల్లో వెనక్కి పడింది. "టోపీ ఏదీ?" అన్న మాట ఆ అరుపుల్లో ఎవరికీ వినబడలేదు.

బయట వరండాలో స్ట్రాండ్ ఓజీ భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఏమయ్యా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు దీన్ని? చావు మొహమంటే ఇదీ! వచ్చే సినిమాలో సమాధుల కాపరి వేషం నీదే, ఆ తర్వాతి దాంట్లో ఉరి తీసేవాడు. రేపే సంతకాలు!"

"వాటిల్లో నవ్వించేది ఏమైనా ఉంటుందా?" అడిగాడు ఓజీ.

"నువ్వు నవ్వించడమేంటయ్యా బాబూ! కదలకుండా నిలబడు, చాలు."

అంతలో ఒక తల్లి చంకలోని పాప ఓజీని గుర్తుపట్టి బిక్కమొహం వేసింది. పెదవి వణుకుతోంది. ఓజీ వంగి, ఏడుస్తున్న పిల్లల్ని జీవితమంతా ఎలా ఊరుకోబెట్టాడో అలాగే ఊరుకోబెట్టబోయాడు. మొహం ఖాళీ చేసి, కళ్లు మెల్లగా పెద్దవి చేశాడు. పాప గుక్క పట్టి ఏడ్చింది. తల్లి దాన్ని కొంగు చాటు చేసినట్టు కోటులో దాచుకుని, ఓజీ వైపు కోపంగా చూసి వెళ్లిపోయింది.

"అదే! అచ్చం అదే!" అని చప్పట్లు కొట్టాడు స్ట్రాండ్. ఆ క్షణంలో అతనికి లాగి ఒకటి ఇవ్వాలనిపించింది నాకు.

తిరుగు ప్రయాణంలో ఓజీ కిటికీలోంచి తోటల్ని చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"సంతకం పెట్టకండి ఓజీ గారూ. మీరు నవ్వించే మనిషి."

"పెడతానమ్మా."

"ఎందుకండీ?"

"ఇంట్లో కూర్చుంటే ఈ మొహాన్ని చూసి కనీసం భయపడేవాళ్లు కూడా ఉండరు," అన్నాడు ఆయన.